స్టోర్డ్ ప్రోగ్రామ్ ఘనత వాన్ న్యూమన్ ఒక్కడిదేనా? ఎకర్ట్ వాటా ఎంత?

కృష్ణాతీరం:
కంప్యూటరు ఇన్‌స్ట్రక్షన్లూ డేటా ఒకే మెమరీలో ఉండే పద్ధతి (స్టోర్డ్ ప్రోగ్రామ్) ఎవరిదని అడిగితే బీటెక్ పాఠాల్లోనూ పోటీ పరీక్షల బిట్లలోనూ ఒకటే జవాబు: గణితవేత్త జాన్ వాన్ న్యూమన్. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ విభాగమైన మూర్ స్కూల్లో, తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌కు ఛీఫ్ ఇంజినీరుగా ఉన్న జె. ప్రెస్పర్ ఎకర్ట్ (1919–1995) పేరు ఎనియాక్ దాటి ముందుకు రాదు. ఎనియాక్ తర్వాతి యంత్రం ఎడ్‌వాక్. దాని గురించి 1945 జూన్ 30 తేదీతో వెలువడిన మొదటి ముసాయిదా నివేదిక మీద వాన్ న్యూమన్ పేరొక్కటే ఉంది. ఎకర్ట్ పేరు గానీ, అతనితో కలిసి ఎనియాక్‌ను రూపొందించిన జాన్ మాక్లీ పేరు గానీ లేదు. ఇది న్యాయమేనా? దయచేసి ఆధారాలతో రాయండి.

వాల్వ్‌సెట్:
న్యాయం కాదండీ. ఎకర్ట్ చేసిన పనిని కాస్త లోపలికి వెళ్లి చూద్దాం.

ఎనియాక్‌లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. ఒక్కో ట్యూబు సగటున 2,000 గంటలు పనిచేస్తుందనుకుని లెక్క కట్టండి. ప్రతి ఏడు నిమిషాలకు ఒకటి పోతుంది. ఇంత పెద్ద యంత్రం నడవదని అప్పట్లో చాలామంది తేల్చేసింది ఇందుకే. ఎకర్ట్ కొత్త ట్యూబు కనిపెట్టలేదు, ఉన్న ట్యూబుల మీద భారం తగ్గించాడు. 6.3 వోల్టుల హీటర్లకు 5.7 వోల్టులే ఇచ్చాడు. ప్లేటు కరెంటు రేటింగులో పాతిక శాతం దాటనివ్వలేదు. రెసిస్టర్లను సగం వాటేజీ లోపలే వాడాలని నియమం పెట్టాడు. ట్యూబులు ఎక్కువగా పోయేది యంత్రాన్ని ఆపి మళ్లీ వెలిగించేటప్పుడు, ఫిలమెంటు చల్లారి వేడెక్కే ఒత్తిడికి. అందుకని ఆపకుండా ఉంచడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సుమారు రెండు రోజులకు ఒక ట్యూబు పోయే స్థితికి వచ్చింది.

అయినా ఒక పెద్ద లోటు మిగిలింది. పది అంకెల సంఖ్య ఒకటి దాచుకునే అక్యుమ్యులేటరుకు 550 దాకా ట్యూబులు కావాలి. అలాంటివి 20 ఉన్నాయి, అంటే మొత్తం 200 అంకెలు. అంత కొంచెం చోటులో ప్రోగ్రామును ఎక్కడ పెడతారు? అందుకే కేబుళ్లు మార్చి, స్విచ్చులు తిప్పి లెక్క అమర్చాల్సి వచ్చేది. మెమరీ చవకైతే తప్ప స్టోర్డ్ ప్రోగ్రామ్ అనే మాటకు అర్థం లేదు. దాన్ని చవక చేసింది ఎకర్ట్ తెచ్చిన పాదరసపు డిలే లైను, అంటే పల్సులను ధ్వనిగా తిప్పుతూ దాచే గొట్టం.

తార్కికుడు:
వాల్వ్‌సెట్ గారూ, ట్యూబుల విషయంలో నాకు అభ్యంతరమేమీ లేదు. కానీ ప్రశ్న ఆర్కిటెక్చర్ గురించి. ముసాయిదాలో ఏముందో చూడండి. అంకగణిత భాగం, నియంత్రణ భాగం, మెమరీ, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అన్న విభజన ఉంది. పదం (యంత్రం ఒక్కసారిగా తీసుకునే బిట్ల గుంపు) 32 బిట్లు, మెమరీ 8,192 పదాలు. ఒక పదం సంఖ్యా, ఇన్‌స్ట్రక్షనా అన్నది మొదటి బిట్టే చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం ఈ నియమం: ఇన్‌స్ట్రక్షన్ ఉన్న చోట ఒక సంఖ్యను రాస్తే ఇన్‌స్ట్రక్షన్ మొత్తం చెరిగిపోదు, అడ్రసు బిట్లు 13 మాత్రమే మారతాయి. లూప్ తిరిగిన ప్రతిసారీ తర్వాతి గడిని చదివేలా ప్రోగ్రామ్ తనను తాను మార్చుకోగలిగేది దీనివల్లే. పైగా ఇదంతా ట్యూబులూ వోల్టేజీల ప్రస్తావన పక్కన పెట్టి, నాడీకణాల్లాంటి ఆదర్శ మూలకాలతో రాశాడు. అందుకే వేరే ఊళ్లో, వేరే విడిభాగాలతో కట్టేవాళ్లకు కూడా పనికొచ్చింది. ఎకర్ట్ కాగితాల్లో ఇంత స్పష్టత చూపించండి.

వాల్వ్‌సెట్:
ఎకర్ట్ 1944 జనవరి చివర్లో మూడు పేజీల మెమో ఒకటి రాశాడు. వాన్ న్యూమన్ మూర్ స్కూలుకు మొదటిసారి వచ్చింది అదే ఏడాది వేసవి తర్వాతే. తిరిగే డిస్కుల మీద, డ్రమ్ముల మీద అయస్కాంత గుర్తులుగా అంకెలు దాచడం ఆ మెమోలో ఉంది. ప్రోగ్రామ్ అమరికను కూడా, తాత్కాలికమైతే మళ్లీ మళ్లీ రాయదగ్గ మిశ్రలోహపు డిస్కు మీద, శాశ్వతమైతే చెక్కిన డిస్కు మీద పెట్టొచ్చని రాశాడు. బీజం అక్కడుంది.

తార్కికుడు:
బీజం అంటే ఒప్పుకుంటాను. కానీ సంఖ్యలకూ ఇన్‌స్ట్రక్షన్లకూ ఒకే అడ్రసుల వరుస అన్నది ఆ మెమోలో లేదు. ప్రోగ్రామ్ తన అడ్రసును తానే మార్చుకోవడమూ లేదు. అది డిస్కు వాడే లెక్కల యంత్రం ప్రతిపాదన. 1944 శరత్తు నుంచి 1945 వసంతం దాకా జరిగిన సమావేశాల్లో ఎవరు ఏం అన్నారో ఇప్పుడు విడదీయలేం. కాగితం మీద మిగిలినదాన్ని బట్టే మాట్లాడాలి.

పాదరసం:
డిలే లైను గురించి వివరంగా రాస్తాను. ఈ వాదనలో దాని బరువు చాలామందికి తెలియదు.

పాదరసం నింపిన గొట్టానికి రెండు కొసల్లో క్వార్ట్జ్ స్ఫటికాలు. ఒక స్ఫటికానికి విద్యుత్ పల్స్ ఇస్తే అది కంపించి ధ్వని తరంగాన్ని పంపుతుంది. పాదరసంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,450 మీటర్లు. అవతలి స్ఫటికం ఆ తరంగాన్ని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. వచ్చిన పల్స్ బలహీనంగా, మొనదేలకుండా ఉంటుంది. దాన్ని పెంచి, క్లాక్‌తో గేటు వేసి, కొత్త పల్స్‌గా మలిచి మొదటి కొసకు పంపాలి. ఇలా తిరుగుతున్నంతసేపూ డేటా బతికి ఉంటుంది. ట్యూబులు పెంచే, మలిచే సర్క్యూట్‌కే కావాలి, ప్రతి బిట్‌కూ అక్కర్లేదు. పొదుపంతా అక్కడుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తర్వాత కట్టిన ఎడ్‌సాక్ కంప్యూటరు ట్యాంకు (పాదరసపు గొట్టం) లెక్క చూడండి. బిట్‌కు 2 మైక్రోసెకన్లు, ట్యాంకులో 576 బిట్లు, అంటే ఒక చుట్టుకు 1.15 మిల్లీసెకన్లు. గొట్టం పొడవు 1.67 మీటర్లు. ఇక చెడేది ఎక్కడంటే, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ధ్వని వేగం సుమారు 0.03 శాతం తగ్గుతుంది. ఒక చుట్టులో 0.35 మైక్రోసెకన్ల తేడా. ఐదారు డిగ్రీలు మారితే బిట్టు పక్కవాడి స్థానంలో పడుతుంది, డేటా అంతా చెడుతుంది. కాబట్టి ట్యాంకులన్నీ ఒకే వేడిలో ఉంచాలి, లేదా వేడికి తగ్గట్టు క్లాక్‌ను సర్దాలి. స్ఫటికం వెనక ధ్వనిని మింగే ఏర్పాటు లేకపోతే ప్రతిధ్వని తిరిగొచ్చి లేని బిట్లు పుట్టిస్తుంది. స్ఫటికాల ముఖాలు రెండూ సమాంతరంగా లేకపోతే సిగ్నల్ సగం దారిలోనే నీరసిస్తుంది. కావలసిన పదం గొట్టం కొసకు వచ్చేదాకా ఆగాలి, సగటున అర చుట్టు.

ఆలోచన పూర్తిగా ఎకర్ట్‌దే అనడం కూడా సరికాదు. బెల్ ల్యాబ్స్‌లో విలియం షాక్‌లీ అంతకుముందే రాడార్ కోసం వేరే ద్రవంతో డిలే లైను చేశాడు. పాదరసం వైపు తిప్పింది, చుట్టూ తిప్పి మెమరీగా మార్చింది ఎకర్ట్. ముసాయిదాలోని మెమరీ లెక్కలన్నీ ఇలాంటి లైన్ల మీదే ఉన్నాయి: 1,024 బిట్ల గొట్టాలు 256. వాన్ న్యూమన్ ఆ అంకెలు వేయగలిగాడంటే అలాంటి మెమరీ సాధ్యమని ఎకర్ట్ బృందం చూపించబట్టే.

దస్తావేజు:
పేటెంట్ల సంగతి కలపకపోతే కథ సగమే. ఎనియాక్ పనిని సైన్యం తరఫున చూసిన హెర్మన్ గోల్డ్‌స్టైన్ ముసాయిదా ప్రతులను బయటివాళ్లకు పంచాడు. 1947 ఏప్రిల్‌లో సైన్యం న్యాయవాదులు దాన్ని ప్రచురణగా లెక్కించారు. ప్రచురణ జరిగి ఏడాది దాటాక దరఖాస్తు చెల్లదు కాబట్టి ఎడ్‌వాక్ ఆలోచనలు అందరి సొత్తయ్యాయి. ఎనియాక్ పేటెంటుకు 1947 జూన్ 26న దరఖాస్తు చేశారు, అది 1964లో వచ్చింది. హనీవెల్ కంపెనీకీ, ఆ పేటెంటు చేతిలో ఉన్న స్పెర్రీ రాండ్ కంపెనీకీ మధ్య కేసులో 1973 అక్టోబరు 19న జడ్జి ఎర్ల్ లార్సన్ దాన్ని కొట్టేశారు. అంతకుముందే ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం మీద పనిచేసిన జాన్ అటనాసాఫ్ నుంచి తీసుకున్నారన్నది ఒక కారణం, గడువుకు ముందే బహిరంగంగా వాడారన్నది మరొకటి. ఆ తీర్పు ఎనియాక్ పేటెంటు గురించి. స్టోర్డ్ ప్రోగ్రామ్ ఎవరి ఆలోచన అన్నది అది తేల్చలేదు. ఈ రెంటినీ కలిపేసి "కోర్టే ఎకర్ట్‌కు ఏమీ లేదంది" అనడం తప్పు.

తార్కికుడు:
దస్తావేజు గారు చెప్పింది నిజం. కానీ ఆ పంపకం వల్లే విషయం లోకానికి చేరింది. 1946 మేలో కేంబ్రిడ్జిలో, తర్వాత ఎడ్‌సాక్ కట్టిన మారిస్ విల్క్స్ చేతికి ఒక ప్రతి రాత్రికి మాత్రమే దొరికితే, తెల్లారేలోగా చదివాడు. ఎడ్‌సాక్‌కు పునాది అక్కడ పడింది.

వాల్వ్‌సెట్:
అదే విల్క్స్ ఆ వేసవిలో ఓడెక్కి ఫిలడెల్ఫియా వచ్చి మూర్ స్కూల్ ఉపన్యాసాల చివరి రెండు వారాలు విన్నాడు. వాటిలో ముఖ్య ఉపన్యాసకుల్లో ఎకర్ట్ ఒకడు. పేటెంటు హక్కులు వదులుకోమని యూనివర్సిటీ పట్టుబడితే ఎకర్ట్, మాక్లీ అప్పటికే ఉద్యోగాలు మానేశారు, అయినా వచ్చి పాఠం చెప్పారు. సొంత కంపెనీ పెట్టి, డబ్బు చాలక 1950లో రెమింగ్టన్ రాండ్‌కు అమ్మేసినా, 1951 మార్చిలో అమెరికా జనాభా లెక్కల శాఖకు యూనివాక్ అనే కంప్యూటరు ఇచ్చారు. దాని మెమరీ 1,000 పదాలు, అదీ పాదరసమే.

కృష్ణాతీరం:
ఇంకొకటి. ఎనియాక్‌నే 1948లో స్టోర్డ్ ప్రోగ్రామ్ పద్ధతికి మార్చారు కదా, అది ఎవరి ఖాతా?

వాల్వ్‌సెట్:
అది ఎకర్ట్ ఖాతాలో వేయకూడదు, 1946లోనే వెళ్లిపోయాడు. వాన్ న్యూమన్ సూచన మీద రిచర్డ్ క్లిప్పింజర్, అడెల్ గోల్డ్‌స్టైన్, జీన్ బార్టిక్ బృందం చేసిన పని. మూడు ఫంక్షన్ టేబుళ్ల (అంకెలు చేత్తో అమర్చే స్విచ్చుల పలకల) స్విచ్చుల మీద రెండంకెల కోడ్లుగా ఇన్‌స్ట్రక్షన్లు పెట్టేవారు. యంత్రం వేగం తగ్గింది, ఎందుకంటే ఒకేసారి పలు పనులు చేసే వీలు పోయి ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సి వచ్చింది. అయితే రోజుల తరబడి కేబుళ్లు మార్చే పని తప్పింది. స్విచ్చుల మీద ఉన్నదాన్ని యంత్రం తానే మార్చలేదు కాబట్టి, తార్కికుడు గారు పైన చెప్పిన అడ్రసు మార్పిడి అందులో లేదు.