రాక్ స్టేషన్‌లో గంటకో పాప్ హిట్: వేస్తే కొంప మునుగుతుందా?

డల్లాస్_డప్పు:
అమెరికా ఎఫ్ఎం సంగతి. యాక్టివ్ రాక్ (ఇప్పటి హార్డ్ రాక్ ఎక్కువ వేసే) స్టేషన్, గంటకు 12 పాటల క్లాక్, అంటే గంటలో ఏది ఎప్పుడో చెప్పే పట్టిక. అందులో ఒక స్లాట్ పాప్ హిట్లకి ఇద్దామని ప్రతిపాదన, 8 పాటల కేటగిరీ, అంటే వరసగా తిరిగే 8 పాటల జాబితా. అసలు వేయొచ్చా? వేస్తే ఏ నిమిషంలో? ప్రాసెసర్ (ప్రసారానికి ముందు ధ్వనిని సరిచేసే పెట్టె) సెట్టింగులు మార్చాలా? రాయల్టీ ఏమన్నా పెరుగుతుందా?

రాక్‌రాక్షసుడు:
వద్దు. 1979 జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానం కొమిస్కీ పార్క్‌లో ఏమైందో తెలుసుగా. డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చారు, జనం గ్రౌండ్‌లోకి దూకారు, రెండో మ్యాచ్ ఆడకుండానే చికాగో జట్టు వైట్ సాక్స్ డెట్రాయిట్‌కి అప్పగించాల్సొచ్చింది. రాక్ వినేవాడితో పరాచికాలాడొద్దు.

పాతరికార్డు:
గురూ, సగం కథే చెప్పావు. ఆ గొడవ నడిపించిన రేడియో జాకీ స్టీవ్ డాల్ ఉద్యోగం అంతకుముందే పోయింది, అతని పాత స్టేషన్ మొత్తానికి మొత్తం డిస్కోకి మారినప్పుడు. ఫార్మాట్ మార్చడం వేరు, గంటకో పాట వేరు. 1983లో మైఖేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’ రాక్ స్టేషన్లలో మోగిందంటే ఎడ్డీ వాన్ హేలెన్ సోలో చలవే. పాటలో రాక్ చెవికి పట్టు దొరకాలి, అంతే. గాయకుడి పేరు చూసి కాదు.

రాక్‌రాక్షసుడు:
మరి గాయని లార్డ్ ‘రాయల్స్’లో ఏ పట్టు దొరికిందో? గిటార్ తీగ ఒక్కటి లేదు. 2013లో ఆల్టర్నేటివ్ (రాక్‌లో ఒక శాఖ) చార్టులో నంబర్ వన్ చేసి కూర్చోబెట్టారు. ఆ తలుపు తీశాకే ఆల్టర్నేటివ్ స్టేషన్ ఏదో, పాప్ స్టేషన్ ఏదో తెలీకుండా పోయింది.

పాతరికార్డు:
అది పాప్ నుంచి తెచ్చుకున్న పాట కాదు బాబూ. ముందు ఆల్టర్నేటివ్ వాళ్లు ఎత్తుకున్నారు, తర్వాత పాప్ వాళ్లు పట్టుకుపోయారు. వరస తిరగేసి చెప్పకు.

లెక్కల_లక్ష్మి:
మీరు చరిత్ర తర్వాత కొట్టుకోండి. ఆ 8 పాటల కేటగిరీ చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదా? గంటకో స్లాట్ అంటే రోజుకి 24. 24ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది. పొద్దున 8 గంటలకి కారెక్కేవాడికి రోజూ అదే పాప్ పాట. మూడో రోజుకే “ఈ స్టేషన్ ఎప్పుడూ ఇదే వేస్తుంది” అంటాడు. 7 పెట్టండి.

క్లాక్_కోటి:
7 పెడితే ఇంకో గొయ్యి. వారానికి 168 స్లాట్లు, 168ని 7 కూడా భాగిస్తుంది. సోమవారం 8 గంటల పాట మళ్లీ సోమవారం 8కే దిగుతుంది. 9 పెట్టండి.

లెక్కల_లక్ష్మి:
9 ఇంకా ఘోరం. 24కీ 9కీ ఉమ్మడి భాజకం 3. అంటే ఏ గంటకైనా తొమ్మిదిలో మూడు పాటలే మారి మారి వస్తాయి, మిగతా ఆరూ ఆ గంటలో వినేవాడికి ఉన్నట్టే తెలీదు. 11 లేదా 5. ఐదైతే ఐదు గంటలకోసారి మోగి తొందరగా బర్న్ అయిపోతాయి (విని విని విసుగొస్తుంది), కాబట్టి 11.

క్లాక్_కోటి:
అమ్మా, రాక్ స్టేషన్‌లో అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా పాప్ ఎవడు వేస్తాడు? ఆ టైమ్‌లో హిట్ కాని ఆల్బమ్ పాటలు పడతాయి. అప్పుడు రోజుకి 19 స్లాట్లే. 19కీ 9కీ పొంతన లేదు, వారానికి 133, అదీ 9తో పోదు. 9 దివ్యంగా పనిచేస్తుంది. 7 మాత్రం అప్పుడూ చెడ్డదే, ఏడు రోజుల వారం కదా.

లెక్కల_లక్ష్మి:
రాత్రి తీసేస్తున్నామని అడిగినాయన ఎక్కడన్నా చెప్పాడా? లేని షరతు పెట్టి గెలిచాననుకుంటే సరే, గెలిచావు.

న్యూజెర్సీ_నాని:
ఈ కూడికలెందుకు, షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘నిన్నటి గంట’ రూల్ (నిన్న ఈ గంటకి వేసిన పాట ఇవాళ అదే గంటకి రాకుండా) పెట్టేస్తే అదే చూసుకుంటుంది.

క్లాక్_కోటి:
చూసుకోదు. చిన్న కేటగిరీకి నిన్నటి గంట, అటూ ఇటూ గంటలు, టెంపో, ఆర్టిస్ట్ సెపరేషన్ (ఒకే గాయకుడి పాటల మధ్య ఎడం) అన్నీ బిగిస్తే దేనికీ సరిపోక స్లాట్ ఖాళీగా వదిలేస్తుంది. పొద్దున్నే ఆ రోజు పాటల లాగ్ తెరిస్తే పంటి సందుల్లా ఖాళీలు. చిన్న కేటగిరీకి రూల్స్ రెండే ఉండాలి, మిగతాది పాటల సంఖ్యతోనే సాధించాలి.

మీటర్_మామ:
ఇంతసేపూ అసలైంది వదిలేశారు: ఏ నిమిషం. రేటింగులు చదవడం వస్తే ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే. మీటర్ (రేటింగ్ సంస్థ నీల్సన్ కొందరు శ్రోతలకిచ్చే పరికరం) లెక్క పావుగంటల్లో. ఆ పావుగంటలో 5 నిమిషాలు వింటేనే క్రెడిట్ వచ్చేది, 2025 జనవరి నుంచి నీల్సన్ 3 నిమిషాలకి దించింది. శ్రోత పారిపోయే ప్రమాదమున్న పాటని 00, 15, 30, 45 దగ్గర మొదలెట్టొద్దు. పావుగంట మొదట్లో ఒక పవర్ పాట (అందరికీ నచ్చే పెద్ద హిట్) పూర్తిగా పోనిచ్చి, 20వ నిమిషం దాటాక పాప్ పెట్టండి. అప్పటికే క్రెడిట్ జేబులో పడుంటుంది, వాడు పోయినా ఆ పావుగంట మనదే. పాప్ అవగానే మళ్లీ పవర్. పాప్ పక్కనే యాడ్ బ్రేక్ మాత్రం పెట్టొద్దు, పోవడానికి రెండు కారణాలు ఒకేసారి ఇచ్చినట్టు.

సౌండ్_సుబ్బు:
మామా, మీటర్ వినేది పాటని కాదు, పాట కింద దాచిన స్టేషన్ గుర్తింపు కోడ్ అయిన వాటర్‌మార్క్‌ని. ఆ టోన్లు 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. డిస్టార్షన్ గిటార్ ఆ చోటంతా నింపేస్తుంది కాబట్టి కింద గట్టి కోడ్ దాగుతుంది. గుసగుసగా పాడి అడుగున బాస్ మాత్రం ఉంచిన పాప్ పాటలో దాచడానికి చోటేదీ? పాప్ వేశాక గ్రాఫ్ పడితే జనం పోయారా, కోడ్ దొరకలేదా?

మీటర్_మామ:
పాత పాట పాడుతున్నావు. ఆ గోలంతా కోడ్‌ని గట్టిపరిచే వోల్టెయిర్ బాక్సులు అమ్మినప్పటిది. 2015లో నీల్సన్ ఎన్‌కోడింగ్ బలపరిచింది.

సౌండ్_సుబ్బు:
బలపరిచింది, మాస్కింగ్ (ఒక శబ్దం ఇంకోదాన్ని కప్పేయడం) భౌతికశాస్త్రాన్ని రద్దు చెయ్యలేదు. చోటు తక్కువున్న పాటలో కోడ్ ఇప్పటికీ తక్కువే. రెండు పాప్ పాటలు పోల్చేటప్పుడు ఒకటి నిండుగా, ఒకటి పల్చగా ఉంటే ఆ గ్రాఫ్ చూసి తీర్పు చెప్పొద్దు.

మీటర్_మామ:
ఒక్క పాట గ్రాఫ్ చూసి తీర్పు చెప్పమని నేనెక్కడన్నాను? మీటర్లు మోసేది పిడికెడు మంది. కొన్ని వారాలు కలిపి చూడాలి. సరిగా చదివి మాట్లాడు.

న్యూజెర్సీ_నాని:
పెద్దలు శాంతించండి. ఏదైనా మరీ కలిపితే ఏమవుతుందో న్యూయార్క్‌లో చూశాం. డబ్ల్యుసీబీఎస్ ఎఫ్ఎం 2005లో అన్ని రకాల పాటలూ కలిపేసే జాక్ ఫార్మాట్‌కి మారింది, 2007లో మళ్లీ వెనక్కి.

రాక్‌రాక్షసుడు:
అది ఓల్డీస్ (పాత హిట్ల) స్టేషన్ నానీ! రాక్‌కి ఏం సంబంధం?

న్యూజెర్సీ_నాని:
అలవాటు పడ్డ చెవి ఎక్కడైనా చెవే.

సౌండ్_సుబ్బు:
ప్రాసెసర్ గురించి అడిగాడు, ఎవరికీ పట్టలేదు. పాటకో ప్రీసెట్ మార్చడం పిచ్చిపని, పాటని లైబ్రరీలో చేర్చేటప్పుడే, అంటే ఇన్‌జెస్ట్‌లోనే సరిచెయ్యాలి. 80ల నాటి రాక్ సీడీలు చాలావరకు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ చుట్టూ ఉంటాయి (ఇది లౌడ్‌నెస్ కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ గట్టి), ఇప్పటి పాప్ మైనస్ 8 దాకా గట్టిగా వస్తుంది. రెండింటినీ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి లైబ్రరీలో పెట్టండి, ఎంపీ3 కాదు, వేవ్ ఫైలే. లేకపోతే ఏజీసీ (ధ్వని స్థాయిని తనంతట తానే సర్దే భాగం) పాప్ మీద కిందికి లాగి, తర్వాత వచ్చే గిటార్ ఇంట్రోని నీరసంగా మొదలెట్టిస్తుంది. ఇంకోటి, సబ్‌బాస్. 40 హెర్ట్జ్ దగ్గర ఒక్కో కిక్‌కి గొంతు లోపలికి పోయి బయటికొస్తుంటే అది అన్ని ఫ్రీక్వెన్సీలనీ కలిపి లాగే వైడ్‌బ్యాండ్ ఏజీసీ పని. 30 హెర్ట్జ్ కింద కోసేసి బాస్ బ్యాండ్‌ని విడదియ్యండి. అమెరికాలో ప్రీఎంఫసిస్ (పై ఫ్రీక్వెన్సీలని ముందే పెంచడం) 75 మైక్రోసెకండ్లు, ఇండియాలోలాగా 50 కాదు. అసలే క్లిప్ అయిన (శబ్ద శిఖరాలు కోసేసిన) పాప్ మాస్టర్‌ని మళ్లీ స్టేషన్ క్లిప్పర్‌లో తొక్కితే ‘స’లన్నీ చీరుకుపోతాయి. క్లిప్పర్ డ్రైవ్ ఒకటిన్నర డెసిబెల్ తగ్గించి వినండి.

డల్లాస్_డప్పు:
రాత్రి పాప్ ఉండదు, అది ముందే చెప్పాల్సింది. అంటే 9 పాటలు, 20 దాటాక. రాయల్టీ?

లెక్కల_లక్ష్మి:
ఎఫ్ఎం ప్రసారానికి డబ్బు పాట రాసినవాళ్లకే, అస్క్యాప్, బీఎమ్‌ఐ లాంటి హక్కుల సంస్థల ద్వారా. బ్లాంకెట్ లైసెన్స్ (వాళ్ల పాటలన్నిటికీ కలిపి ఒకటే) ఉంటే రాకైనా పాపైనా ఒకటే. అదే ప్రసారం ఆన్‌లైన్‌లో స్ట్రీమ్ చేస్తే రికార్డింగ్ వాళ్ల తరఫున వసూలు చేసే సౌండ్ఎక్స్ఛేంజ్‌కి విడిగా కట్టాలి, పాట ఏదైనా సరే. క్లాక్_కోటి గారూ, 19 స్లాట్లకి 9 ఒప్పుకుంటున్నాను. ఆదివారం స్పెషల్ షోలకి స్లాట్లు పోతే మీ 133 ఏమవుతుందో అదీ లెక్క కట్టండి.

క్లాక్_కోటి:
ఆదివారం నాలుగు గంటలు పోతే 129. 129ని 9తో భాగిస్తే శేషం 3. వారంలో ఒకే రోజు, ఒకే గంట చూసుకుంటే మళ్లీ మూడు పాటలే తిరుగుతాయి. షో ఐదు గంటలు చెయ్యమనండి, శేషం 2, బాగుంటుంది.

రాక్‌రాక్షసుడు:
పాప్ పాట కోసం షో టైమ్ మారుస్తున్నారు. చూడండయ్యా ఎక్కడికొచ్చామో.