ఒకే న్యూరాన్ రెండు క్లస్టర్లుగా చీలుతున్నది, రిఫ్రాక్టరీ వయొలేషన్లు 6 శాతం. లోపం ఎక్కడ?

పాలమూరు_ఎంటెక్:
అన్నలకు, అక్కలకు నమస్తే. ప్రాజెక్టు కోసం ఎలుక మెదడుల హిప్పోక్యాంపస్‌ టెట్రోడ్ రికార్డింగ్ మీద స్పైక్ సార్టింగ్ చేస్తున్న, అంటే ఏ స్పైకు (న్యూరాన్ కొట్టే కరెంటు పల్స్) ఏ న్యూరాన్‌దో వేరుచేసుడు. నాలుగు వైర్లు, 30 కిలోహెర్ట్జ్, 16 బిట్, 20 నిమిషాల ఫైలు.

చేసింది ఇది: 300 నుంచి 3000 హెర్ట్జ్ బటర్‌వర్త్ ఫిల్టర్, సైపై (పైథాన్ లైబ్రరీ)ల ఎల్‌ఫిల్టర్‌తోని. థ్రెషోల్డ్ (స్పైకని పట్టే గీత) 3 × స్టాండర్డ్ డీవియేషన్, పైకీ కిందికీ రెండు దిక్కులా. డెడ్ టైమ్ (ఒకటి పట్టినాక మళ్ల పట్టకుండ ఆగే టైమ్) 0.5 మి.సె. టైమ్‌స్టాంప్ గీత దాటిన క్షణానిది. వేవ్‌ఫాం మాత్రం దగ్గర్లున్న ట్రఫ్‌కు (స్పైకు అన్నిటికంటే కిందికి దిగిన బిందువుకు) సర్ది 2 మి.సె. కోసుకున్న. వైరుకు 3 పీసీఏ కాంపొనెంట్లు (ఆకారాన్ని కొన్ని అంకెలకు కుదించినవి), కే-మీన్స్ (గుంపులు చేసే పద్ధతి), కే (గుంపుల సంఖ్య) = 5.

పెద్ద క్లస్టర్‌ల 6,000 స్పైకులున్నయి, అందుల 360 గ్యాపులు 2 మి.సె. కంటే తక్కువ. ఒక న్యూరాన్ కొట్టినాక అంతసేపు (రిఫ్రాక్టరీ టైమ్) మళ్ల కొట్టొద్దు, అందుకే ఇవి వయొలేషన్లు. 2, 4 నంబరు క్లస్టర్ల ఆకారం ఒక్కటే, ఎత్తే తేడా. వేరే న్యూరాన్ కలిసిందనుకొని కే పెంచి చూసిన, ఇంకా ముక్కలైతున్నయి తప్ప వయొలేషన్లు తగ్గుతలేవు. జర చూసి చెప్పుండ్రి.

పానగల్లు_డీఎస్పీ:
తమ్మీ, కే జోలికి పోకు. ముందు లెక్క చూడు.

వేరే సెల్ స్పైకులు సంబంధం లేకుండా వచ్చి కలిస్తే ఎన్ని వయొలేషన్లు రావాలో అంచనా కట్టొచ్చు: 2 × (రిఫ్రాక్టరీ టైమ్ − డెడ్ టైమ్) × స్పైకుల సంఖ్య వర్గం × కల్తీ భాగం × (1 − కల్తీ భాగం) ÷ మొత్తం సెకన్లు. నీ అంకెలు పెడితే 2 × 0.0015 × 6000 × 6000 ÷ 1200 = 90. కల్తీ భాగాన్ని (1 − కల్తీ)తో గుణిస్తే ఎంత చేసినా 0.25 దాటదు. అంటే సగానికి సగం పరాయి స్పైకులే ఉన్నా 22, 23 వయొలేషన్లకు మించి రావద్దు. నీకు 360 వచ్చినయి. ఇది కల్తీ కాదు, ఒకే స్పైకును రెండుసార్లు లెక్కపెడుతున్నవు.

ఎట్లంటే, పిరమిడల్ సెల్ స్పైకు కిందికి దిగినాక పైకి కూడా లేస్తది. ఆ మధ్య దూరం 0.5 మి.సె. దాటితే డెడ్ టైమ్ అయిపోయి ఉంటది, పైదిక్కు థ్రెషోల్డ్‌ను కూడా దాటి రెండోసారి లెక్కకొస్తది. నువ్వేమో రెండిటినీ ఒకే ట్రఫ్‌కు సర్దుతున్నవు. వేవ్‌ఫాం ఒక్కటే, టైమ్ వేరు! పీసీఏకు అనుమానమే రాదు. గ్యాపుల హిస్టోగ్రాం 0.1 మి.సె. బిన్నుతోని గీయి. అన్నీ ఒక్క చోట కుప్ప పడితే ఇదే జబ్బు. కిందిదిక్కు థ్రెషోల్డ్ ఒక్కటే ఉంచు, టైమ్‌స్టాంప్ ట్రఫ్‌ది రాసుకో.

కృష్ణా_తీరం:
పై అన్న చెప్పింది కరెక్టే. ఫిల్టర్ సంగతి కూడా చూసుకోండి. ఎల్‌ఫిల్టర్ ముందుకే నడుస్తుంది, అందుకని ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కోలా ఆలస్యమై స్పైకు ఆకారం వంకరపోతుంది. వెనకాల ఉన్న ఆ పైబొడిపె అసలుకన్నా పెద్దదిగా కనబడటానికి ఇదీ ఒక కారణం. సాస్‌ఫిల్ట్‌ఫిల్ట్ వాడితే ఫేజ్ మార్పు ఉండదు. పై హద్దు 6000కు పెంచండి, 3000 దగ్గర కోస్తే సన్న స్పైకులు మొద్దుబారతాయి. ఒక జాగ్రత్త: ఫైలు 288 ఎంబీయే అయినా ఫ్లోట్64లోకి మారగానే 1.15 జీబీ అవుతుంది, ఫిల్టర్ మధ్యలో కాపీలు చేస్తుంది. 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే 30 సెకన్ల ముక్కలుగా, అంచుల్లో 0.1 సెకను అదనంగా తీసుకుని నడపండి. ఏ ముక్కకు ఆ ముక్క సేవ్ అయ్యేలా రాసుకుంటే మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

థ్రెషోల్డ్‌కు స్టాండర్డ్ డీవియేషన్ వద్దు. న్యూరాన్ జోరుగా కొట్టే చోట స్పైకులే దాన్ని పెంచేస్తాయి, చిన్న స్పైకులు గీత కిందే ఉండిపోతాయి. 2004లో కిరోగా బృందం సూచించిన పద్ధతి తీసుకోండి: సిగ్నల్ నిరపేక్ష విలువల మీడియన్ ÷ 0.6745. అది నాయిస్ సిగ్మా. దానికి 4 రెట్లు మొదలు. 3 ఎందుకు వద్దంటే, గాసియన్ నాయిస్‌లో 3 సిగ్మా కిందికి పోయే శాంపిళ్లు 30,000లో 40 దాకా ఉంటాయి, అంటే సెకనుకు 40. 4 దగ్గర సెకనుకు ఒకటి, 5 దగ్గర రెండు నిమిషాలకు ఒకటి. పక్కపక్క శాంపిళ్లకు సంబంధం ఉంటుంది గనుక గీత దాటే సార్లు ఇంకా తక్కువే.

పాలమూరు_ఎంటెక్:
హిస్టోగ్రాం గీసిన. దాదాపు అన్నీ 0.6, 0.9 మి.సె. మధ్యనే కుప్ప! ఫిల్టర్ ముట్టకుండా పైదిక్కు థ్రెషోల్డ్ ఒక్కటే తీసేస్తే ఆ క్లస్టర్‌ల 5,646 స్పైకులు మిగిలినయి, వయొలేషన్లు 6. ఇగ 2, 4 క్లస్టర్లను కలిపేయాల్నా?

దేవరకొండ_ల్యాబ్:
ఆకారం ఒక్కటే ఉన్నదని కలపొద్దు తమ్మీ, మూడు చూడాలె.

మొదటిది, ఎత్తును టైమ్ మీద గీయి. ముందు పది నిమిషాలు ఒక క్లస్టర్, తర్వాత ఇంకోటి అయితే ఎలక్ట్రోడ్ జరిగింది, అది డ్రిఫ్ట్. రెండూ మొత్తం టైమ్‌ల కలగలిసి ఉంటే బర్స్ట్ కావొచ్చు. హిప్పోక్యాంపస్ పిరమిడల్ సెల్ వరుసగా రెండు మూడు స్పైకులు కొడతది, మధ్య గ్యాపు 2 నుంచి 6 మి.సె., ఎత్తు ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతది.

రెండోది, క్రాస్ కోరిలోగ్రాం, అంటే ఒక క్లస్టర్ స్పైకుకు ఎంత ముందు, ఎంత వెనక ఇంకో క్లస్టర్ స్పైకులు వచ్చినయో చూపే హిస్టోగ్రాం. పెద్ద క్లస్టర్ ముందు, చిన్నది 6 మి.సె. లోపట వెనకాల, ఆ ఒక్క పక్కనే గుంపు కడితే ఒకే సెల్. నడుమ ±2 మి.సె. ఖాళీ ఉండాలె. ఖాళీ ±0.5 దగ్గరే ఆగితే దాన్ని నమ్మకు, అది నీ డెడ్ టైమ్ చేసిన గుంత.

మూడోది, నాలుగు వైర్ల మీద ఎత్తుల నిష్పత్తి. అంగడిల నాలుగు మూలల నిలబడ్డోళ్లకు ఒకే కేక ఒక్కో మోతాదుల వినబడ్డట్టు, సెల్ ఉన్న చోటును బట్టి ఈ నిష్పత్తి వస్తది. బర్స్ట్‌ల ఎత్తు తగ్గినా నిష్పత్తి పెద్దగా మారదు. మారిందంటే వేరే సెల్.

ఇంకోటి, రెండు వైర్ల మీద ఎత్తు దాదాపు సమానమైతే నాయిస్‌ను బట్టి ఒకసారి దీని ట్రఫ్‌కు, ఒకసారి దాని ట్రఫ్‌కు సర్దుబాటు దుంకుతది. ఒక శాంపిల్ జరిగితే 33 మైక్రోసెకన్లు. స్పైకు నిటారుగా దిగే చోట అది చాలు, క్లస్టర్ చీలుతది. క్యూబిక్ స్ప్లైన్‌తోని 5 రెట్లు అప్‌శాంపిల్ చేసి (శాంపిళ్ల నడుమ బిందువులు నింపి) నాలుగు వైర్ల మొత్తం మీద ట్రఫ్ పట్టు. కే-మీన్స్ గుండ్రటి గుంపులనే కోస్తది, సాగిన బర్స్ట్ గుంపును సగానికి నరుకుతది. దాని బదులు గాసియన్ మిక్స్చర్ (సాగిన గుంపులను కూడా పట్టే పద్ధతి) పెట్టి, ముందు ఎక్కువ ముక్కలు చేసి, పై మూడు చూసి కలుపుకుంట రా.

పానగల్లు_డీఎస్పీ:
5,646ల 6 అంటే 0.1 శాతమే, కాని అదే సూత్రంల పెడితే కల్తీ 8 శాతం దాకా తేలుతది. సెకనుకు 5 స్పైకులు కొట్టే సెల్‌కు "1 శాతం లోపు ఉంటే శుభ్రం" అన్న లెక్క పనికిరాదు. రిపోర్టుల వయొలేషన్ శాతం ఒక్కటే రాయకు, ఈ కల్తీ అంచనా కూడా పక్కన రాయి.