సమస్యాపూరణం: "లేని వాని పేర లేఖ వచ్చె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, అదే పూరణం.

లేని వాని పేర లేఖ వచ్చె

అవధానాల్లో పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవారు) ఇచ్చే సమస్యల్లో ఉండేంత అసంగతి ఇందులో లేదు. అద్దె ఇళ్లలో కాపురమున్న వారందరికీ తెలిసిన సంగతే ఇది. పాత అద్దెదారు పేర బీమా ప్రీమియం నోటీసు, అంతకు ముందున్నవారి పేర బ్యాంకు ఉత్తరం, ఇల్లు అమ్మి వెళ్లిపోయిన పెద్దాయన పేర శుభలేఖ. పురాణాల్లోకి వెళ్లకుండా ఆ కవరు చేత పట్టుకున్న మనిషిని చూపించండి. వీలైతే దాన్ని అందుకోవలసిన మనిషినీ చూపించండి. పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరంతో కుదిరే యతికి బదులు, వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి వాడుకోవచ్చు.

ఖమ్మం మాస్టారు:

అద్దె యింటి నుండి యతడు వెడలిపోయె
ఏడు గడిచె వచ్చి యిచటి కేము
తలుపు సందులోన దర్జాగ నడుగిడి
లేని వాని పేర లేఖ వచ్చె

నిర్వాహకుడు:
మాస్టారూ, ధార హాయిగా సాగింది. ఉత్తరం తన ఇంటికి తాను వచ్చినట్టు తలుపు సందులోంచి దర్జాగా అడుగుపెట్టడం నాకు బాగా నచ్చింది. నిజానికి ఆ ఉత్తరం దృష్టిలో ఆ ఇల్లు ఇంకా అతనిదే కదా. గణాలూ (గురులఘువుల కూర్పులు) యతులూ సరిపోయాయి. అయితే 'అతడు' ఎవరో తెలియలేదు. ఒక్క విశేషణం పడినా ఆ మనిషి కళ్లముందు నిలిచేవాడు.

విజయవాడ సభ్యురాలు:

ముందరున్న వాడు ముంచిన బాకీకి
బ్యాంకు నుండి కోప భాషతోడ
చిల్లిగవ్వ యేని చేబదు లేయప్పు
లేని వాని పేర లేఖ వచ్చె

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం చివర 'అప్పు' చేర్చి సమస్య అర్థాన్నే మార్చారు. పూరణంలో ఇది పాత ఒడుపే, అయినా ఇక్కడ చక్కగా అమరింది. చిక్కంతా 'పేర' దగ్గరుంది. బ్యాంకు బాకీదారు పేరునే రాస్తుంది. అప్పు లేని మీకు వచ్చింది చిరునామా వల్లనే తప్ప మీ పేర కాదు. కాబట్టి భావం నిలవడం లేదు. మొదటి రెండు పాదాలూ అలాగే ఉంచి మూడో పాదం ఒక్కటి సవరించండి.

విజయవాడ సభ్యురాలు:
నిజమేనండీ. ఇలా అయితే?

చిల్లిగవ్వ యప్పు చేయని మా యింట
లేని వాని పేర లేఖ వచ్చె

నిర్వాహకుడు:
ఎంత బాగా కుదిరిందో! అప్పు చేయనిది మీ ఇల్లు, ఆ ఇంట లేనిది బాకీదారు. ఇద్దరూ ఎవరి చోట వారు నిలిచారు.

గుంటూరు న్యాయవాది:
పద్యం సంగతి పెద్దలు చెప్పారు, నేను మరో సంగతి చెబుతాను. ఇలాంటి నోటీసు సంతకం చేయించుకునే పద్ధతిలో వస్తే పొరపాటున కూడా సంతకం పెట్టకండి. అది చేరిందనడానికి ఆ సంతకమే రుజువుగా చూపిస్తారు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసినా ఈ జాగ్రత్త మారదు. 'ఈ చిరునామాలో లేరు' అని పోస్ట్‌మన్‌కు చెప్పి, ఆయన చేతనే తిప్పి పంపించండి. మామూలు ఉత్తరమైతే కవరు మీద అదే మాట రాసి పోస్టాఫీసులో ఇస్తే చాలు. ఊరుకుంటే వసూలు మనుషులు మీ గుమ్మంలోకే వస్తారు.

నందికొట్కూరు సభ్యుడు:

కృష్ణ నీట మునిగె గేహమ్ములన్నియు
ఊరు పేరు మిగిలె నుత్తరాన
పాత పిన్నుతోడ పరవూరిలో నిల్లు
లేని వాని పేర లేఖ వచ్చె

ఖమ్మం మాస్టారు:
అబ్బాయీ, కృ-గే యతి చూసి ముచ్చటేసింది. ఋకారానికి ఏకారంతో మైత్రి ఉందని ఈ రోజుల్లో ఎంతమందికి గుర్తుంది! కానీ 'పిన్ను' (పిన్‌కోడ్) అనే మాట పద్యంలో ఇముడుతుందా? ఇంకో సందేహం. ఊరే మునిగాక ఉత్తరం ఎలా వచ్చింది?

నందికొట్కూరు సభ్యుడు:
మాస్టారూ, 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్లు నీటి కిందికి పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గుడికి దొరికినట్టు ఇళ్లకు చోటు దొరకలేదు. జనం తలో దిక్కుకూ వెళ్లారు. దూరాన ఉన్న బంధువులకు ఆ సంగతి తెలియదు, పాత చిరునామాకే రాసేవారు. మనుషుల్ని ఎరిగిన పోస్ట్‌మన్ ఉంటే వారు తలదాచుకున్న చోటికి తెచ్చిచ్చేవాడని మా పెద్దలు చెప్పేవారు.

నిర్వాహకుడు:
పిన్ను ఉండవలసిందే మాస్టారూ. అది 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల్లో మొదటి 5 చూడగానే మన వైపుదని తెలుస్తుంది, చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. ఊరు మునిగినా ఆ అంకెలు బంధువుల చేతిరాతలో బతికే ఉన్నాయి. మరో మాట పెడితే ఈ పద్యంలో సగం పోతుంది. 'ఉత్తరాన' దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. దిక్కూ అదే, జాబూ అదే. ఈ వారం వచ్చినవాటిలో నా మనసు పట్టుకున్న పద్యం ఇది.

హైదరాబాదు విద్యార్థిని (మొదటి ప్రయత్నం):

పసుపు పూసినట్టి పరిణయ పత్రిక
చేత బట్టి వెదికి చూసినాను
శుభము దాటకుండ చూపుట యెట్టులో
లేని వాని పేర లేఖ వచ్చె

నిర్వాహకుడు:
తల్లీ, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, మొదటి ప్రయత్నానికి ఇది చాలా ఎక్కువ. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. చే-చూ హల్లు ఒకటే అయినా అచ్చులు కలవాలి. ఏకారానికి ఇ, ఈ, ఎ, ఋ సరిపోతాయి, ఊకారం సరిపోదు. మూడో పాదంలో శు-చూ చూడండి, అక్కడ హల్లూ అచ్చూ రెండూ కలిశాయి (శ, చలకు యతిలో మైత్రి ఉంది). మీ చెవి సరైనదే.

ఇక పద్యంలో అడిగిన ప్రశ్న. శుభలేఖ కవరును సాధారణంగా అంటించరు. ఆహ్వానించేవారి ఫోను నంబరు లోపల అచ్చయి ఉంటుంది. ముహూర్తం దాటకముందే ఫోను చేయండి. అంటించిన కవరైతే మాత్రం తెరవవద్దు. 1898 నాటి తపాలా చట్టం ప్రకారం ఇంకొకరి ఉత్తరాన్ని కావాలని దాచిపెట్టుకోవడం నేరంగా ఉండేది. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చినా ఉత్తరం ఎవరిదో వారిదే. ఎవరికీ చేరని, పంపినవారి చిరునామా కూడా లేని కవరును తెరిచి చూసే అధికారం తపాలా శాఖలో అందుకోసం నియమించినవారికి ఉంటుంది. మనకు లేదు. ఆ మాటే నా పూరణ.

చింపి చదువ రాదు చిరునామ మనదైన
తిరిగి యంచె కిమ్ము తెలిపి నిజము
ఊరు మారినాడొ యుసురు వీడినవాడొ
లేని వాని పేర లేఖ వచ్చె

విజయవాడ సభ్యురాలు:
గురువుగారూ, మూడో పాదం చదివి మనసు బరువెక్కింది. మేము కొన్న ఇంటికి ఆ ఇల్లు కట్టించిన పెద్దాయన పేర ఇప్పటికీ ఉత్తరాలు వస్తుంటాయి. వాళ్లబ్బాయికి ఫోను చేసి చెబుతాం. ఏ ఒక్కటీ పారేయవద్దని కోరాడు.

హైదరాబాదు విద్యార్థిని:
ఫోను చేశాను గురువుగారూ. పెళ్లికూతురి తండ్రే మాట్లాడారు. మా ఇంట్లో ఇంతకుముందు ఉన్నవారు ఆయన చిన్ననాటి స్నేహితులట, వేరే పేటకు మారిన సంగతి ఆయనకు తెలియదు. వారి కొత్త చిరునామా ఇంటివారి దగ్గర తీసుకుని ఆయనకు చెప్పాను. రెండో పాదం ఇలా మార్చాను, చూడండి.

చేత బట్టి వెదుక జిక్క డతడు

నిర్వాహకుడు:
చే-జి. యతి కుదిరింది, 'వెదుకన్' మీద సరళాదేశమూ ('చిక్కడు'లోని చకారం జకారం కావడం) సరిగ్గా వచ్చింది. ఇక మొదటి పాదంలో 'పూసినట్టి' అన్నచోట గణం కోసం 'అట్టి' వచ్చి చేరింది. దాన్ని తీసేసి మరో మాట వెతకండి.