స్కాట్లాండ్ చిన్న దీవులు: 11 మంది, 12 రోజులు, జూన్ నెల. మా ప్లాన్‌లో తప్పులు చెప్పండి

అడిగినవారు: కొండారెడ్డి బురుజు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలు, అనంతపురం, కడప నుంచి మూడు కుటుంబాలం, మొత్తం 11 మంది. 65 దాటినవాళ్లు ఇద్దరు, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఇద్దరు, 8, 11 ఏళ్లు. నలుగురు గుడ్డు కూడా ముట్టరు. జూన్ మొదటి వారంలో బయల్దేరి స్కాట్లాండ్ పడమటి తీరంలోని చిన్న దీవులు చూడాలని ఉంది. లండన్, ఎడింబరో వద్దు. నడక, పక్షులు, సముద్రం, జనం పలచగా ఉండే ఊళ్లు చాలు.

అనుకున్నది ఇది: గ్లాస్గోలో దిగి 12 సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకోవడం. అక్కడినుంచి తీరంలోని రేవు ఊరు ఓబన్, ఆ పైన మల్, అయోనా, స్టాఫా, కొలన్సే, ఎగ్ దీవులు. దీవికొక రాత్రి. కారు నడిపేవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురికీ పాత లైసెన్సులే. కొలన్సే నుంచి ఓరన్సే దీవికి సముద్రంలో నడిచిపోవచ్చట, అది తప్పకుండా చేయాలని పిల్లల కోరిక.

ఎక్కడ తేడా కొడుతుందో మొహమాటం లేకుండా చెప్పండి. వీసా పని ఇంకా మొదలుపెట్టలేదు.

జవాబు: గుత్తి కోట (అనంతపురం)

అన్నా, మొదట ఆ 12 సీట్ల వ్యాన్ మాట మరిచిపోండి. మన లైసెన్సుతో అక్కడ 12 నెలల దాకా కారు నడపొచ్చు, కానీ డ్రైవర్ కాక 8 సీట్లకు మించిన బండి నడపకూడదు. 9 మంది పట్టే బండి ఒకటి, చిన్న కారు ఒకటి తీసుకోండి. చట్టం అడగకపోయినా కొన్ని అద్దె కంపెనీలు ఇంటర్నేషనల్ పర్మిట్ అడుగుతాయి. ఆర్టీఓ ఆఫీసులో తీసి పెట్టుకోండి, ఏడాది పనికొస్తుంది. 8 ఏళ్ల పాపకు కూర్చోవడానికి బూస్టర్ సీటు తప్పనిసరి. 12 ఏళ్లు నిండేదాకా గానీ 135 సెంటీమీటర్ల ఎత్తు దాటేదాకా గానీ అక్కడ నిబంధన అదే.

రెండోది, దీవికొక రాత్రి అనే పద్ధతి. ఇక్కడే మీ ప్లాన్ చెడుతుంది. మల్, కొలన్సే లాంటి వాటికి కారు ఎక్కించే పడవలో జాగా ముందే బుక్ చేసుకోవాలి. జూన్‌లో ఆ జాగా వారాల ముందే నిండిపోతుంది. మనుషులకు మాత్రం సాధారణంగా ఇబ్బంది ఉండదు. అంటే మీ ప్రయాణాన్ని కట్టిపడేసేది కారు, మీరు కాదు. పైగా అయోనా, ఎగ్, స్టాఫా, కెరెరా, ఈస్‌డేల్ - వీటిలో ఎక్కడికీ బయటివాళ్ల కారు పోదు. 11 మంది రోజూ సామాను సర్దడం, ఇల్లు ఖాళీ చేయడం, బండి పడవకు అర్ధగంట ముందే లైన్లో పెట్టడం, ఇవన్నీ కలిస్తే సగం రోజు దానికే సరి. పోర్టులో లైన్లు చూసి ఇంటికి వస్తారు.

కాబట్టి రెండు చోట్లే మకాం పెట్టండి. ఓబన్‌లో 5 రాత్రులు, మల్ దీవి పడమటి కొసన ఫినఫర్ట్ లేదా బనెసన్ దగ్గర 4 రాత్రులు. మిగిలినవి రాకపోకలకు, గ్లాస్గోకు, గాలి ఎక్కువై పడవలు ఆగిపోతే వాడుకోవడానికి.

ఓబన్ నుంచి:

కెరెరా. ఊరికి దక్షిణంగా 3 కిలోమీటర్లలో గాలనాక్ రేవు ఉంది, అక్కడినుంచి పడవలో కొన్ని నిమిషాలే. దీవి కొసన గైలెన్ కోట శిథిలం. గండికోట అంత ఉంటుందని ఊహించుకోకండి, ఒక్క బురుజులాంటి ఇల్లే, కానీ అది నిలబడిన రాతి అంచు చూడాల్సిందే. రానూపోనూ 7 కిలోమీటర్ల పైచిలుకు నడక.

లిస్మోర్. కారు పడవలో 50 నిమిషాలు. 16 కిలోమీటర్ల పొడవు, సన్నటి దీవి. చుట్టుపక్కల దీవులు నల్లగా, గడ్డి గరుగ్గా ఉంటే ఇది పచ్చగా నిగనిగలాడుతుంది. కారణం అడుగున సున్నపురాయి. మన కడప నాపరాయి కూడా సున్నపురాయి జాతే గాని, అక్కడ దానిమీద ఏడాది పొడుగునా వాన పడుతుంది. ఎత్తుపల్లాలు తక్కువ, మోకాళ్ల నొప్పులవాళ్లకు అన్నిటికన్నా ఇది మేలు.

ఈస్‌డేల్. ఓబన్‌కు దక్షిణంగా 25 కిలోమీటర్లు పోయి, ఎలెనబీక్ ఊళ్లో గంట మీట నొక్కితే అవతలి ఒడ్డునుంచి పడవ వస్తుంది. దీవిలో కార్లు లేవు, ఇంటి సామాను తోపుడు బండ్ల మీదే. అంతా పలకరాయి. మార్కాపురం పలకలు దిద్దినవాళ్లకు చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. 1881 తుఫానుకు సముద్రం క్వారీల్లోకి పొర్లింది. ఆ గుంతలు ఇప్పటికీ నీలం నీళ్లతో ఉన్నాయి. చాలా లోతు, అంచుకు కంచె ఉంటుందని అనుకోవద్దు. పిల్లల చెయ్యి వదలకండి.

ఎగ్ కావాలంటే మాలెయిగ్ నుంచి పోవాలి. ఓబన్‌నుంచి మాలెయిగ్‌కే రెండున్నర గంటల రోడ్డు, ఆ పైన పడవ గంటకు పైనే. ఆ పడవ నాలుగు చిన్న దీవులకు వంతులవారీగా తిరుగుతుంది. ఏ రోజు ఏ దీవిలో ఎంతసేపు దొరుకుతుందో టైంటేబుల్లో రోజువారీగా చూడాలి. పొద్దున పోయి సాయంత్రం రావడం అన్ని రోజులూ కుదరదు. ఈ ట్రిప్పులో దాన్ని వదిలేయమనే నా సలహా. పట్టుదలగా పోతే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. 1997లో ఊరివాళ్లే ఆ దీవిని కొనుక్కున్నారు. 2008 నుంచి గాలి, నీళ్లు, ఎండ నుంచి సొంతంగా కరెంటు తీసుకుంటున్నారు. ఇంటికి 5 కిలోవాట్ల హద్దు. కెటిల్, హీటర్, స్టవ్ మూడూ ఒకేసారి వేస్తే ఇంటి సప్లై పోతుంది.

పెన్నా ఇసుక (కడప)

ఓరన్సే నడక గురించి చెప్తాను. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు, మన సీమవాళ్లకు సముద్రం అలవాటు లేదు కాబట్టి ఇంకా వివరంగా.

ముందు ఒక మార్పు. కొలన్సే పోవడానికే పడవలో రెండుంబావు గంటలకు పైన. మల్ పడమటి కొసన ఉంటే ఆ పక్కనే ఎరెయిడ్ అనే చిన్న దీవి ఉంది. పాటు సమయంలో, అంటే సముద్రం నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు, ఇసుక మీద నడిచి పోవచ్చు. దాటాల్సిన దూరం ఓరన్సే కన్నా చాలా తక్కువ. పిల్లలకు ముచ్చట తీరుతుంది, కొలన్సేకు పెట్టే రెండు రోజులు మిగులుతాయి.

ఇప్పుడు లెక్క. పాటుకు పాటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్లు బాగా కిందికి పోతాయి, ఇసుక ఎక్కువసేపు తేలి ఉంటుంది. అష్టమి అటూ ఇటూ రోజుల్లో పాటు బలహీనం, దారి పూర్తిగా తేలకపోవచ్చు. కాబట్టి తేదీలు పెట్టుకునే ముందు ఇంట్లో పంచాంగం తీసి, మల్‌లో ఉండే నాలుగు రోజులు అమావాస్యకో పౌర్ణమికో దగ్గర పడేట్టు చూసుకోండి. అది తేదీల వరకే. గంటా నిమిషం మాత్రం ఆ ప్రాంతపు టైడ్ టేబుల్‌లోనే చూడాలి.

ఆ టేబుల్‌లో జనం బోల్తాపడే చోటు ఒకటుంది. చాలా పట్టికలు గ్రీనిచ్ టైములో ఉంటాయి. వేసవిలో అక్కడి గడియారం దానికి గంట ముందు. పట్టికలో 12:10 అంటే మీ చేతి గడియారంలో 1:10. ఏ టైములో అచ్చు వేశారో పేజీ పైన చూసి, అవసరమైతే గంట కలపండి.

నీళ్లు ఒకే వేగంతో పెరగవు. పాటు నుంచి పోటుకు, అంటే నీళ్లు పూర్తిగా పైకి రావడానికి, సుమారు ఆరు గంటలు. మొత్తం ఎత్తును 12 వంతులు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 వంతులు పెరుగుతుంది. తేడా 3.6 మీటర్లనుకోండి. మొదటి గంటలో 30 సెంటీమీటర్లే కదా అని కూర్చుంటే, రెండో గంటలో 60, మూడో గంటలో 90 వచ్చి పడుతుంది. పైగా నీళ్లు మీ కాళ్ల ముందునుంచి రావు. మీరు నిలబడిన చోట ఇసుక పొడిగానే ఉంటుంది, వెనక మధ్యలో ఉన్న పల్లపు కాలవ ముందు నిండుతుంది. అందుకని పాటుకు గంటన్నర ముందు దాటడం మొదలుపెట్టండి, పాటు అయిన గంటకల్లా తిరిగి మల్ ఒడ్డున ఉండండి. ఆలస్యమైతే నీళ్లలో దిగి పరుగెత్తడం కాదు, దీవిలోనే ఎత్తైన చోట ఆగి తర్వాతి పాటు దాకా ఉండండి. స్వెటర్లు, తిండి, టార్చి వెంట ఉండాలన్నది అందుకే. ఎవరికైనా ప్రమాదమైతే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

కొండారెడ్డి బురుజు

గుత్తి కోట అన్నా, పెన్నా ఇసుక గారూ, చాలా థాంక్స్. ఎగ్, కొలన్సే తీసేశాం. ఓబన్ 5, మల్ 4 ఖాయం. ఇంకో మూడు: మల్‌లో ఒంటిదారి రోడ్లంటున్నారు, కష్టమా? స్టాఫాలో పెద్దవాళ్లు దిగగలరా? వంట సంగతేంటి?

నల్లమల నీడ (కర్నూలు)

రోడ్డు. క్రెగ్న్యూర్ రేవు నుంచి ఫినఫర్ట్ 60 కిలోమీటర్లు, చాలా మటుకు ఒక్క బండి పట్టే దారి. గంటా పావు వేసుకోండి. మధ్యమధ్య పాసింగ్ ప్లేస్ అని బోర్డున్న వెడల్పు చోట్లుంటాయి. అది మీకు ఎడమ పక్కన ఉంటే అందులోకి దిగి ఆగాలి. కుడి పక్కన ఉంటే దానికి ఎదురుగా మీ దారిలోనే ఆగాలి, కుడికి కోసి పోకూడదు. ఎదుటి బండి దాని చుట్టూ తిరిగి పోతుంది. వెనక బండి తగులుకుంటే దానికి కూడా దారి ఇవ్వాలి, ఊరివాళ్లు పడవ అందుకోవడానికి పోతుంటారు. ఫొటో కోసం అందులో బండి పార్క్ చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రెండు బండ్లు ఒకదాని తోక పట్టుకుని పోవద్దు, ఒకే చోట రెండూ పట్టవు. డీజిల్ ఓబన్‌లోనే నింపుకోండి. మందు తాగి నడిపే హద్దు స్కాట్లాండ్‌లో మిగతా బ్రిటన్ కన్నా తక్కువ, నడిపేవాళ్లు అసలు ముట్టకపోవడమే మేలు.

స్టాఫా. ఫినఫర్ట్ నుంచి పడవ ట్రిప్పు మొత్తం సుమారు మూడు గంటలు, దీవి మీద గంట. దిగేచోట పడవ అలకు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, పడవవాళ్లు చెయ్యి పట్టుకుని మెట్టు మీదికి ఎక్కిస్తారు. అల ఎక్కువుంటే దింపరు, ఆ మాట అక్కడికి పోయాకే తేలుతుంది. అక్కడినుంచి రెండు దారులు. పైకి నిటారు మెట్లు, పఫిన్ పక్షులు అటే. ఫింగల్స్ కేవ్ అనే సముద్రపు గుహకు పోవాలంటే ఆరు పలకల రాతి స్తంభాల తలల మీదుగా, తాడో కమ్మీయో పట్టుకుని నడవాలి. ఒక్కో తల ఒక్కో ఎత్తు, తడిస్తే సబ్బు మీద కాలు పెట్టినట్టే. లావా చల్లారుతూ కుంచించుకుపోయి, ఎండిన చెరువు అడుగు పగుళ్లు తీసినట్టు పగిలి అలా స్తంభాలు అయ్యాయి. మన బెలూం సున్నపురాతిని నీళ్లు కరిగిస్తే అయిన గుహ, ఇది స్తంభాల గోడను అల కొట్టి కొట్టి తొలిచింది. మోకాళ్ల నొప్పులవాళ్లు గుహ దారి పెట్టుకోవద్దు. గుహ ముఖం పడవలోంచే బాగా కనబడుతుంది. పఫిన్లు ఏప్రిల్ చివర్నుంచి ఆగస్టు మొదటి దాకానే, కాబట్టి మీ జూన్ సరైన నెల. బొరియల్లో గూళ్లు పెడతాయి, గడ్డి అంచున అడుగు వేస్తే బొరియ కూలుతుంది. ఒకచోట కూర్చోండి, అవే దగ్గరికొస్తాయి.

పెద్దవాళ్ల రోజు అయోనాలో పెట్టండి. ఫినఫర్ట్ నుంచి 10 నిమిషాల పడవ, రేవు నుంచి మఠం దాకా చదునైన దారి. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లాండ్ నుంచి వచ్చి మఠం పెట్టిన చోటు.

నుసుములు. దీన్ని తక్కువ అంచనా వేయకండి. మిడ్జ్ అంటారు, మన దగ్గర సాయంత్రం కళ్లల్లో పడేవాటిలాగే ఉంటాయి, కాని గుంపులుగా కుడతాయి. గంటకు 10-11 కిలోమీటర్ల గాలి తోలితే ఎగరలేవు. గాలి ఆగి, మబ్బు పట్టి, తడిగా ఉన్న సాయంత్రం వాటిది. తలకు వల, ఒంటికి పికారిడిన్ ఉన్న మందు ఓబన్‌లో కొనండి. ఫెర్న్ పొదల్లో గోమార్లుంటాయి, రోజూ పడుకునే ముందు పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో చూడండి. పట్టుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి, నూనె పోయడం, కాల్చడం పనికిరాదు.

వంట. ఇల్లు తీసుకుంటే స్టవ్ ఇండక్షనా అని ముందే అడగండి. అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీల్ కుక్కర్ తీసుకుపోండి. ఇక్కడి వోల్టేజీయే అక్కడా, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్నులు మార్చే అడాప్టర్ చాలు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన ఏ స్వీటూ పెట్టెలో పెట్టొద్దు, మాంసం పచ్చళ్లు కూడా. కస్టమ్స్‌లో తీసేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు పెట్టుకునే ముందు అక్కడి నిబంధన చూసుకోండి. శనగవిత్తనాల పొడి, కందిపొడి, రాగిపిండి బాగా సీలు చేసి పెట్టుకోండి. బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు ఓబన్ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. ఫినఫర్ట్ వైపు దుకాణం చిన్నది, నాలుగు రోజుల సరుకు ఓబన్‌లోనే వేసుకుని పోండి.

గుత్తి కోట

వీసా గురించి ఎవరూ చెప్పలేదు. పిల్లలతో సహా ఒక్కొక్కరికీ వేరే దరఖాస్తు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, మామూలుగా మూడు వారాల్లో జవాబు వస్తుంది. వేలిముద్రలకు హైదరాబాద్ పోవచ్చు. తిరస్కరణకు మామూలు కారణం, దరఖాస్తుకు ముందు ఖాతాలో ఎక్కడినుంచో వచ్చి పడిన పెద్ద మొత్తం. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో వచ్చిన ప్రతి పెద్ద అంకెకూ కాగితం ఉండాలి. సేద్యం ఆదాయమైతే 1-బి, అడంగల్, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు పెట్టండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ సర్టిఫైడ్ ఇంగ్లీషు అనువాదం జతచేయాలి, లేకపోతే ఆ కాగితం లెక్కలోకి రాదు.

ఇన్సూరెన్స్ 11 మందికీ చేయండి. అక్కడ ఎమర్జెన్సీ గదిలో చూడటం ఉచితమే, వార్డులో చేర్చుకుంటే బిల్లు పడుతుంది. బీపీ, షుగర్ ముందే ఉందని ఫారంలో రాయాలి. ఆస్పత్రులు ఓబన్‌లో ఒకటి, మల్‌లో క్రెగ్న్యూర్ దగ్గర చిన్నది ఒకటి. ఫినఫర్ట్‌లో మకాం అంటే దానికి గంటా పావు దూరం, మందులు లెక్క కన్నా పది రోజులకు ఎక్కువే పెట్టుకోండి.

మల్‌కు కారు పడవ తేదీలు ఇంటికన్నా ముందు బుక్ చేయండి. పడవలో జాగా దొరికిన తేదీకి ఇల్లు వెతుక్కోవడం తేలిక, ఇంటికి డబ్బు కట్టేశాక పడవ దొరక్కపోతే రెండూ పోతాయి.