పాముకాటు పరీక్షకి గాజు ట్యూబులు ఎక్కడ దొరుకుతున్నాయి?

చిత్తూరు వైపు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) క్యాజువాలిటీల్లో పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి. రక్తపింజర కాటుకి 20 నిమిషాల గడ్డకట్టే పరీక్ష చేయాలంటే శుభ్రమైన పొడి గాజు ట్యూబే కావాలి. 2 మి.లీ. రక్తం పోసి, కదపకుండా ఉంచి, 20 నిమిషాలయ్యాక ఒక్కసారి వంచి చూడాలి; గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్‌లో పోసినా, సబ్బుతో కడిగిన గాజులో పోసినా విషం ఎక్కని రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కిస్తాం, రియాక్షన్ భయం వేరే. మా ల్యాబుకి వచ్చేవన్నీ ప్లాస్టిక్ ట్యూబులే. కొత్త గాజువి మీరెక్కడ కొంటున్నారు, డబ్బు ఏ పద్దులోంచి?

ఇంకోటి. యాంటీవీనం మొదటి 10 వయల్స్ (సీసాలు) అయ్యాక 6 గంటలకి మళ్లీ పరీక్ష కదా, అందాకా మీ దగ్గరే ఉంచుతారా, 108లో తిరుపతి రుయా ఆసుపత్రికి పంపేస్తారా? మూత్రం తగ్గినా, కనురెప్పలు వాలినా మాత్రం ఆగకుండా పంపేయాలనే నా అభిప్రాయం.