స్వర్ణముఖి ఇసకలో జెట్ మోటారు బతుకుతుందా? 16 అడుగుల పడవ మీద తగువు

స్వర్ణముఖి గట్టు (శ్రీకాళహస్తి):
అన్నలకు దండాలు. 2021 నవంబరు వరదప్పుడు మా వీధిలో నడుముల్లోతు నీళ్లు. రాయలచెరువు కట్ట తెగతాదేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించిన రోజులవి. ఆ రాత్రి లారీ ట్యూబుల మీద ముసలోళ్లని దాటించినాం. అప్పట్నుంచి మా ఎనిమిది మందిదీ ఒకటే మాట, మనకంటూ ఒక పడవుండాల అని. ఇప్పుడు డబ్బు కుదిరింది. అల్యూమినియం రేకుతో 16 అడుగుల పడవ, అడుగు చదునుగా, చేయిస్తాండాం. వరదొస్తే స్వర్ణముఖిలో, మిగతా రోజుల్లో పులికాట్‌లో తిప్పాలని.

తగువల్లా మోటారు దగ్గరే. మాలో సగం మంది 40 హెచ్‌పీ జెట్ అంటాండారు, అంటే బయట రెక్క లేకుండా కింద నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మే పంపు మోటారు, నీళ్లు తక్కువున్నా పోతాదని. మిగతా సగం 15 హెచ్‌పీ ప్రొపెల్లర్ చాలంటాండారు. నాకు రెండు పక్కలా స్నేహితులే, ఏం మాట్లాడినా ఒకడు అలుగుతాడు. మీరే చెప్పండి.

మిస్సోరీ చిత్తూరోడు:
తమ్ముడూ, నేను చిత్తూరోణ్నే, పదేళ్లుగా మిస్సోరీలో ఉండా. ఇక్కడి ఓజార్క్ నదులు గులకరాళ్ల మీద చాలాచోట్ల మోకాలు కూడా తడవనంత పలచగా పారతాయి. చదునడుగు పడవ, దాని వెనక జెట్ మోటారు ఇక్కడ మన ఊళ్లో టీవీఎస్ ఎక్సెల్ లాంటివి. ఇంటికొకటి.

ముందు ఒక సంగతి తెలుసుకో. మోటారు మూత మీద రాసిన అంకె వేరు, నీళ్లలోకి దిగే అంకె వేరు. మామూలు మోటారుకి కింది గేరుబాక్సు, ప్రొపెల్లర్ తీసేసి జెట్ పంపు బిగిస్తే సుమారు 30 శాతం శక్తి అక్కడే పోతుంది. అందుకే ఇక్కడ ‘60/40’ అంటారు. పైన ఇంజిన్ 60, కింద జెట్ దగ్గర 40. ఎవరైనా నీకు 40 జెట్ అమ్ముతానంటే అది పై నలభయ్యా, కింది నలభయ్యా అని అడుగు. పై నలభై అయితే నీ చేతికొచ్చేది 28.

ఇప్పుడు బరువు చూడు. రేకు పడవ 200 కిలోలు అనుకో. మోటారు 115. పెట్రోలు డబ్బా నిండుగా 20. ఆరుగురు మనుషులు 400. మొత్తం 735. జెట్‌లో ఒక్కో హెచ్‌పీకి 20 కిలోలు దాటితే పడవ ముక్కు పైకెత్తి నీళ్లని దున్నుతుందే గానీ పైకి లేచి జారదు. ఇది నా అనుభవంలో లెక్క, పుస్తకంలోది కాదు. 28తో 560 కిలోలు, 40తో 800. కాబట్టి కొంటే 60/40 కొను, లేకపోతే జెట్ మాటే ఎత్తొద్దు.

డీజిల్ చేతులు (తడ):
ఆ అన్న లెక్క సరే, నది వేరు.

వాళ్లది గులకరాయి. గులకరాయి జెట్ కింద జల్లెడలో ఇరుక్కుంటాది, పీకి పారేస్తే సరి. మనది ఇసక. ఇసక జల్లెడ దాటి లోపలికి పోతాది. లోపల తిరిగే చక్రానికీ దాని చుట్టూ ఉండే గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. వరద నీళ్లంటే సగం బురద, సగం ఇసక. అవి తాగి తాగి ఆ సందు పెరిగిందంటే ఇంజిన్ అరస్తాది, పడవ కదలదు. వాషర్లు అటూ ఇటూ మార్చి రొన్నాళ్లు నెట్టుకురావొచ్చు. ఆమీన గొట్టమే మార్చాల. ఆ సామాను తిరుపతిలో ఎవరి దగ్గరుండాది?

ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులో రబ్బరు రెక్కలుంటాయి, అవీ ఇసకకే పోతాయి. ప్రొపెల్లర్ మోటారులోనూ ఇదే బాధ ఉందిలే, ఒప్పుకుంటా. కానీ జెట్ బేరింగుకు పది గంటలకోసారి గ్రీజు కొట్టాల, కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా. మీ ఎనిమిది మందిలో ఎవరు కొడతారో ఇప్పుడే పేరు రాసుకోండి. పడవ కొన్నప్పుడు ఎనిమిది మంది, గ్రీజు కాడికి వచ్చేసరికి ఒకడే.

నీవా పక్కిల్లు (చిత్తూరు):
ఏందన్నా ఇట్ల భయపెడతారు! 1977లో ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగరం నుంచి జెట్ పడవల్లోనే గంగకి ఎదురెక్కినాడు. గంగలో ఇసక లేదా, బురద లేదా?

డీజిల్ చేతులు (తడ):
ఉండాది. కానీ అవి న్యూజిలాండ్ నుంచి తెచ్చిన హామిల్టన్ పడవలు. ఇంజిన్ లోపల, జెట్ కింద. వెనక తగిలించే మోటార్లు కావు. ఆ జెట్‌ని తయారుచేసిన హామిల్టన్ కొడుకే పక్కనుండి పడవ నడిపినాడు. అంతుండీ నందప్రయాగ దగ్గర జలపాతం కాడ ఆగిపోయినారు. వీళ్లెంట ఎవరుండారు? నువ్వొస్తావా స్పానర్ పట్టుకోని?

నీవా పక్కిల్లు (చిత్తూరు):
వస్తా. టిఫిన్ మీరు పెట్టిస్తే.

తెడ్డు (తిరుపతి):
నవ్వులు సరే. వరద సహాయంలో రెండుసార్లు పడవ మీద పనిచేసినోణ్ని, నా మాట వినండి.

ఎక్సలేటరు వదిలితే జెట్ పడవ మాట వినదు. కింద చుక్కాని లాంటి రెక్క ఏదీ లేదు, నీళ్లు చిమ్ముతున్నంతసేపే అది తిరుగుతుంది. ప్రవాహంతో పాటు దిగుతున్నారు, ఎదురుగా కరెంటు స్తంభం కనబడింది అనుకోండి. మనిషన్నవాడు ఏం చేస్తాడు? వేగం తగ్గిస్తాడు. జెట్‌లో ఆ పని చేస్తే నేరుగా స్తంభానికి పోతాడు, తప్పించుకోవాలంటే వేగం పెంచాల. కొత్తోళ్లకి ఇది చేతికి అబ్బేలోపల ఒక ప్రమాదం అయిపోతాది. వెనక్కి పోవడం కూడా అంతే. జెట్‌కి మూత అడ్డుపెట్టి నీళ్లని ముందుకు తిప్పుతారు, బలం చాలదు.

ఇంకొకటి. వీధుల్లో నిలబడిన నీళ్లలో ఏం తేలతాయో చూసినారా? చీరలు, ప్లాస్టిక్ సంచులు, గడ్డి, పరుపులు. చెరువు తెగితే గుర్రపుడెక్క. ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మోటారు పైకెత్తి చాకుతో కోసి పారేస్తాం. జెట్ జల్లెడకి అంటుకుంటే ఇంజిన్ ఆపి పడవ కిందికి చేయి పెట్టాల, ఆ మురికి నీళ్లలో.

మిస్సోరీ చిత్తూరోడు:
తెడ్డు అన్నా, చుక్కాని సంగతి నూటికి నూరు నిజం. ఇక్కడా కొత్తోళ్లు దానికే దెబ్బతింటారు. కానీ నీళ్లలో మనుషులుంటారు కదా? తిరిగే రెక్క పక్కనే పిల్లోడు ఈదుతుంటే? జెట్‌కి బయట రెక్కే లేదు.

తెడ్డు (తిరుపతి):
మనిషి దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఆపేయాల, అది జెట్ అయినా సరే. ఆమీన తెడ్డే. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. ప్రొపెల్లర్ చుట్టూ బిగించే కమ్మీల గార్డు దొరుకుతుంది, అది పెట్టించండి. రొంత వేగం తగ్గుతాది, తగ్గనీ.

స్వర్ణముఖి గట్టు (శ్రీకాళహస్తి):
అన్నా, మా జెట్ గుంపు వాదన ఒకటే: నాలుగంగుళాల నీళ్లలో కూడా పోతాదంట కదా?

మిస్సోరీ చిత్తూరోడు:
పోతుంది, పరిగెత్తేటప్పుడు. పడవ పైకి లేచి జారుతుంటే నాలుగంగుళాలు చాలు. ఆగితే వెనక భాగం కూర్చుంటుంది. మళ్లీ లేవాలంటే అడుగు, అడుగున్నర లోతు కావాలి. పోయినేడు ఎండాకాలం మా బావమరిది ఫోటో తీయడానికి ఒక్క నిమిషం ఆపమన్నాడు. ఆపినా. రెండు గంటలు ఇద్దరం తోసినాం. ఫోటో బాగా వచ్చిందిలే.

అయినా 15 హెచ్‌పీ మాత్రం ఒప్పుకోను. వరద నది గంటకి 12 కిలోమీటర్లు పారుతుంటే ఆరుగురితో నీ 15 హెచ్‌పీ ఉన్నచోటే నిలబడి పెట్రోలు తాగుతుంది.

తెడ్డు (తిరుపతి):
నడి ఏట్లోకి పొమ్మని వీళ్లనెవరన్నారు? అది ఎన్డీఆర్ఎఫ్ వాళ్ల పని. వీళ్లది వీధులు, మిద్దెలు, పొలంలో చిక్కుకున్న ఇళ్లు.

డీజిల్ చేతులు (తడ):
పొమ్మనకపోయినా పోతారన్నా, ఎనిమిది మంది కుర్రోళ్లు. అందుకే నేను 25 ప్రొపెల్లర్ అంటా. 60/40 జెట్ బరువులో సుమారు సగమే. ఇద్దరు ఎత్తి ట్రాక్టరులో పెట్టొచ్చు. స్పేర్ ప్రొపెల్లర్ ఒకటి పడవలో పడేసుకుంటే, తిన్నెకి కొట్టి విరిగినా గట్టున నట్టు విప్పి మార్చేది పది నిమిషాల పని.

పులికాట్ సంగతి కూడా చెప్తా. సగటు లోతు మీటరు అని జెట్‌కి ఆశపడొద్దు. అడుగున బురద, నాచు. మా పక్క ఇప్పటికీ గెడకర్రతో తోసేది అందుకే. పైగా అది పక్షుల అభయారణ్యం. రాజహంసలు మేసే చోట జెట్ అరుపు పెడితే అటవీ శాఖోళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. యంత్రం బిగించిన పడవకి 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషనూ సర్వే కావాల. అది ముందు చూసుకోండి, మోటారు తర్వాత.

నీవా పక్కిల్లు (చిత్తూరు):
నేనింకా జెట్ పక్షమే. నీవా నదిలో నీళ్లు చూసి పదేళ్లకొకసారి సంబరపడేటోణ్ని, నాకు లోతు నదుల కబుర్లు చెప్పొద్దు.

స్వర్ణముఖి గట్టు (శ్రీకాళహస్తి):
నిన్న రాత్రి కూచున్నాం. 25 ప్రొపెల్లర్, గార్డు, స్పేర్ ఒకటి, నాలుగు తెడ్లు, రెండు గెడలు, పది లైఫ్ జాకెట్లు. పులికాట్ మాట పక్కన పెట్టినాం. జెట్ గుంపులో ఇద్దరు అలిగినారు, వాళ్లకే గ్రీజు పని ఇచ్చినాం.

మిస్సోరీ చిత్తూరోడు:
జెట్ ఓడిపోయింది, సరే. మోటారుకి అడ్వాన్సు ఇచ్చే ముందు పడవ వెనక మోటారు తగిలించే పలక ఎత్తు టేపు పెట్టి కొలువు. 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్, అంటే పొట్టి కాలు మోటారు, 20 ఉంటే లాంగ్. రేకు ఇంకా వెల్డింగు కాకపోతే 15కే కోయించు, మీ ఇసకలో కాలు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు.

స్వర్ణముఖి గట్టు (శ్రీకాళహస్తి):
అయ్యో, నిన్ననే 20కి కోసేసినారన్నా.

డీజిల్ చేతులు (తడ):
వెల్డరు ఫోను నంబరు నాకు పంపు. ఇప్పుడే.