నాలుగో తరగతి పిల్లలకి కత్తెర పట్టడమే రావట్లేదు, క్రాఫ్ట్ ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న (గాజువాక నుంచి ఒక టీచర్, 2022 నవంబర్)
నమస్తే అండీ అందరికీ. నా క్లాసులో 34 మంది పిల్లలు, కత్తెరలు ఆరే. 2020 మార్చిలో బడి మూసేసరికి వీళ్ళు ఒకటో తరగతి, మధ్యలో 2021 ఫిబ్రవరిలో తెరిచినా ఏప్రిల్లో మళ్ళీ మూసేశారు, ఆగస్టు 16న తెరిచేసరికి మూడో తరగతికి వచ్చేశారు. కత్తిరించడం, ముడెయ్యడం, అంటించడం నేర్చుకునే వయసంతా ఇంట్లోనే అయిపోయింది. నిన్న న్యూస్‌పేపర్ సంచీ చేయిద్దామని కూర్చోబెడితే ఒక పాప రెండు చేతుల్తో కత్తెర పట్టుకుంది, కాయితం తెగకుండా రెండు రేకుల మధ్య మడతపడిపోతోంది, ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది. పైవాళ్ళేమో ముందు చదవడం రాయడం చూడండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు (సీతమ్మధార, రిటైరైన క్రాఫ్ట్ టీచర్)
అమ్మా, సంచీ పక్కన పెట్టండి. వేళ్ళకి బలం రాకుండా కత్తెరిస్తే ఎవరైనా ఏడుస్తారు. రెండు వారాలు కత్తెరే తియ్యొద్దు, పాత పేపర్ వేలెడు వెడల్పు పట్టీలుగా చేత్తో చింపించండి, పురికొసతో మూడుపాయల జడ అల్లించండి, కొబ్బరాకు దొరికితే బూరలు చేయించండి, దానికి ఖర్చేముంది. తర్వాత చపాతీ పిండి తాడులా చేసి దాన్ని కత్తిరించమనండి, పిండి మెత్తగా ఉండి ఒక్క నొక్కుకే తెగుతుంది కాబట్టి పిల్లలకి ధైర్యం వస్తుంది. ఆ తర్వాత సన్నపట్టీ, ఆ తర్వాత గీత, గుండ్రం అన్నిటికంటే ఆఖర్న. ఆరు కత్తెరలు చాలు, ఆరుగురు కత్తిరిస్తుంటే మిగతావాళ్ళు అల్లుతారు. చదువు వెనకబడిందని క్రాఫ్ట్ ఆపడం నా లెక్కలో తప్పు, పెన్సిల్ పట్టేదీ ఆ వేళ్ళే కదా.
ఒక్కటి చెప్పండి, ఆ పాప ఏ చేత్తో రాస్తుంది?

జవాబు (అనకాపల్లి నుంచి)
కత్తెర కుదిరాక లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరికి తీసుకెళ్ళండి మేడం. లేత్ మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది, మా పిల్లలు రెప్ప వెయ్యలేదు. దూరంగా నిలబెట్టండి, లేత్ మాత్రం ముట్టుకోనివ్వొద్దు. చెక్కముక్కలు అడిగి తెచ్చుకుంటే గరుకు కాయితంతో రుద్దడం క్లాసులోనే చేయించొచ్చు.

ప్రశ్న అడిగిన టీచర్
ఎడమ చెయ్యేనండీ!! నేను గమనించనేలేదు.

జవాబు (సీతమ్మధార)
అదే అనుకున్నాను. మామూలు కత్తెర కుడిచేతి వాటానికి చేసింది, ఎడమ చేత్తో నొక్కితే రేకులు దగ్గరపడకుండా విడిపోతాయి, అందుకే కాయితం మధ్యలో మడతపడుతుంది. తప్పు పిల్లది కాదు, ఆ మాట క్లాసులో అందరి ముందూ చెప్పండి. ఎడమచేతి కత్తెర ఆన్‌లైన్లో దొరుకుతుంది, ఒకటి తెప్పించండి. అది వచ్చేదాకా కాయితం మడిచి, మడత మీద స్టీల్ స్కేలు ఆనించి చింపించండి, అంచు తిన్నగానే వస్తుంది.